బకెట్ అక్కరలేని ఫ్లాట్ మాప్: తీరికలేని ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది?

పెద్దవాళ్ళంతా ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో శుభ్రత ఎందుకు వెనకబడుతుందో గమనిస్తే, నేల తుడవడానికి పట్టే సమయం కన్నా దానికి ముందూ వెనకా చేసే పనులకు పట్టే సమయమే ఎక్కువని తెలుస్తుంది. బకెట్ నింపి ఫినాయిల్ కలపాలి, గుడ్డ నానబెట్టి పిండాలి, గదిగదికీ బకెట్ మోయాలి, చివరికి మురికినీళ్ళు పారబోసి, బకెట్ కడిగి, గుడ్డ ఆరేయాలి. ఒక్క వంటగది కోసం ఇంత తతంగమా అనిపించి ఆ పని సెలవురోజుకు వాయిదా పడుతుంది. సెలవురోజు వచ్చేసరికి ఇల్లంతా ఒక్కసారిగా మీద పడుతుంది. మైక్రోఫైబర్ ప్యాడ్లతో వచ్చే ఫ్లాట్ మాప్ మా ఇంట్లో ఈ చిక్కును చాలావరకు విప్పింది. అందుకే దాని మంచిచెడ్డలను కొంత వివరంగా రాస్తున్నాను.

దీని నిర్మాణంలో పెద్ద విశేషమేమీ లేదు. తేలికైన లోహపు కర్ర, దాని చివర ఎటు కావాలంటే అటు తిరిగే కీలు, కీలుకు పలచని దీర్ఘచతురస్రాకారపు పలక, పలక అడుగున వెల్క్రోతో అంటుకునే ప్యాడ్ ఉంటాయి. తడి కోసం నేలమీద స్ప్రే సీసాతో కొద్దిగా నీళ్ళు చల్లుకుంటే చాలు. కొన్ని రకాల్లో ఆ సీసాను కర్రకే అమరుస్తారు గానీ, విడి సీసాయే మేలని నా అభిప్రాయం. అది చెడిపోతే ఇంకొకటి తెచ్చుకోవచ్చు, మాప్ జోలికి వెళ్ళనక్కరలేదు.

అసలు పనితనమంతా ప్యాడ్‌లోనే ఉంది. పాలిస్టర్, పాలిఅమైడ్ కలిపి తీసిన పోగులు ఒక డెనియర్ కన్నా సన్నగా ఉంటాయి, అంటే 9000 మీటర్ల పోగును తూచినా ఒక గ్రాముకు తక్కువే తూగుతుంది. అంత సన్నని పోగుల మధ్య ఉండే సందుల్లో దుమ్ము చిక్కుకుంటుంది, తడి తగిలితే జిడ్డు కూడా అందులోకే చేరుతుంది. మంచం కింద పొడి ప్యాడ్‌ను ఒకసారి తోసి తిప్పి చూస్తే, ముందు అంచు వెంట వెంట్రుకలు, బూడిదరంగు నూగు తాడులా పేనుకుని కనిపిస్తాయి, మధ్యభాగం మాత్రం దాదాపు తెల్లగానే ఉంటుంది. ఆ అంచు నిండగానే ప్యాడ్‌ను తిప్పి పెట్టుకోవచ్చు. ముందు పొడిగా, తర్వాత తడిగా తుడవడమే సరైన వరస. పొడిదుమ్ము మీద నేరుగా నీళ్ళు చల్లితే అది బురదై టైల్స్ సందుల్లోకి చేరుతుంది.

ఈ పద్ధతి ఆసుపత్రుల్లో కూడా వాడుకలోకి వచ్చింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ వైద్యకేంద్రంలో నూలుపోగుల మాప్‌ల స్థానంలో వీటిని ప్రవేశపెట్టిన అనుభవాన్ని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2002లో వివరంగా ప్రచురించింది. ఒక గది తుడిచిన ప్యాడ్‌ను తిరిగి నీళ్ళలో ముంచకుండా ఉతకడానికి వేసి, తర్వాతి గదికి కొత్తది తొడగడం అక్కడి విధానం. ఒక గది మురికి ఇంకో గదికి చేరదు, బకెట్ నీళ్ళను మాటిమాటికీ మార్చే పనీ ఉండదు. ఇంటికి తీసుకోవలసిన పాఠం కూడా ఇదే అని నేను అనుకుంటాను, ఎందుకంటే ఇంటిపనిని చిన్న ముక్కలుగా విడగొట్టడం దీనివల్లనే సాధ్యమవుతుంది. ఒక ప్యాడ్ ఒక గదికి సరిపోతుంది. రాత్రి వంటగది సర్దాక అక్కడి నేల మాత్రమే తుడిచి, ప్యాడ్‌ను ఉతికే బుట్టలో వేసి పడుకోవచ్చు. మిగతా ఇంటిని మొదలుపెట్టలేదన్న బెంగ ఉండదు. మరుసటి రోజు హాలు, ఆ తర్వాత పడకగది వంతు వస్తాయి. వంటగదికీ, నడిచే దారికీ రోజూ అవసరమవుతుంది, ఎవరూ ఎక్కువగా తిరగని గదికి వారానికోసారి చాలు. బూజు దులపడం, ఫ్యాను రెక్కలు, అల్మారాల పైభాగాలు వంటి పనులు ఆ గది వంతు వచ్చిన రోజున నేలకన్నా ముందే ముగించాలి. కర్ర తేలికగా ఉంటుంది కనుక పిల్లలకు కూడా ఒక గది అప్పగించవచ్చు, ఇంటిపని ఒక్కరి నడుము మీదే పడకుండా పోతుంది. నా దృష్టిలో దీనివల్ల కలిగే అన్నిటికన్నా పెద్ద మేలు అదే.

బాత్‌రూమ్‌కు వేరే రంగు ప్యాడ్లు కేటాయించుకుని, వాటిని వంటగదిలోకి ఎప్పుడూ రానివ్వకూడదు.

ఇక ఉతకడం దగ్గర చాలా జాగ్రత్త కావాలి. బట్టలను మెత్తబరిచే ద్రవం వాడితే అది పోగుల మీద పొరలా పేరుకుని పీల్చే గుణాన్ని తీసేస్తుంది. బ్లీచ్ పోగులను బలహీనపరుస్తుంది, ఎక్కువ వేడి వాటిని కరిగించి బిరుసెక్కిస్తుంది. తువ్వాళ్ళతో కలిపి వేస్తే వాటి నూగంతా ప్యాడ్‌కే పట్టుకుంటుంది. కాబట్టి విడిగా, కొద్దిపాటి డిటర్జెంట్‌తో ఉతికి గాలికి ఆరేయాలి. ఇవి ప్లాస్టిక్ పోగులు కావడంవల్ల ఉతికినప్పుడల్లా కొంత సన్నని నూగు నీళ్ళలోకి పోతుంది. ఇది చిన్న లోపం కాదు, కొనేవారు తెలిసి కొనుక్కోవాలి.

మాప్ చేయలేని పనులూ ఉన్నాయి. టైల్స్ మధ్య గట్టిపడిన మురికి దీనికి లొంగదు, దానికి బ్రష్ పట్టుకోవలసిందే. పాలో నూనో పెద్ద ఎత్తున ఒలికితే ముందు పాతగుడ్డతో ఎత్తేయాలి. ఎవరికైనా జబ్బు చేసినప్పుడు తుడవడంతో సరిపోదు, మురికి పోయాక క్రిమిసంహారకం రాసి సీసా మీద చెప్పినంతసేపు నేలను తడిగా ఉంచాలి. అప్పుడు తొందరపడి బ్లీచ్‌నూ, యాసిడ్ ఉండే టాయిలెట్ క్లీనర్‌నూ కలిపితే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. బ్లీచ్‌ను అమ్మోనియాతో కలిపినా విషవాయువే వస్తుంది. పాలరాయి నేల అయితే స్ప్రే సీసాలో వెనిగర్ పోయకూడదు, ఆమ్లం రాతి మెరుపును తినేస్తుంది.

మొత్తంమీద నేను దీన్ని తీరికలేని ఇళ్ళకు గట్టిగానే సిఫారసు చేస్తాను. కొనేటప్పుడు కర్ర మెరుపు చూడనక్కరలేదు, కీలు బిగువుగా ఉందా, ప్యాడ్లు విడిగా దొరుకుతాయా, వెల్క్రో పలక అంచుల దాకా ఉందా అన్నవే చూసుకోవాలి. ఉతుకు మధ్యలో పని ఆగకుండా ఉండాలంటే గదుల సంఖ్యకన్నా ఒకటిరెండు ప్యాడ్లు ఎక్కువే ఉండాలి. గరుకు రాతిపలకలు, ఎగుడుదిగుడు గచ్చు ఉన్న ఇంట్లో మాత్రం పలక నేలకు పూర్తిగా ఆనదు, ప్యాడ్ త్వరగా చిరిగిపోతుంది కూడా. అలాంటి ఇంటికి పిండే ఏర్పాటున్న బకెట్ మాపే తగినది.