అలిపిరా, శ్రీవారి మెట్టా? ఏ దారిలో బిన్నా తిరుమల కొండెక్కుతాం
బయటూరి చుట్టాలు ఎవరొచ్చినా మమ్మల్ని అడిగేది ఇదే, నడిచి పోతే ఏది బిన్నా అవుతుంది అని. అలిపిరి 3550 మెట్లు, దగ్గర దగ్గర 9 కిలోమీటర్లు, శ్రీవారి మెట్టు 2388 మెట్లు, 2.1 కిలోమీటర్లే.

పోయినసారి మా చిన్నాయనతో అలిపిరిలో ఎక్కితే మూడున్నర గంటలు పట్టింది, గాలిగోపురం దాకా పది మెట్లకోసారి ఆగి, ఆయన టవలు తడిసిపోయి, పైన మజ్జిగ తాగినాక చదును దారిలో మాత్రం చకచకా నడిచేసినాం. దూరాన్ని టైముతో భాగిస్తే గంటకి రెండున్నర కిలోమీటర్ల చిల్లర. కింద నిదానం స్పీడు, పైన జోరు స్పీడు రెండూ కూడి సగం చేస్తే సగటు అనుకుంటారు చాలామంది, అది తప్పు, మొత్తం దూరాన్ని మొత్తం టైముతోనే భాగించాల.

శ్రీవారి మెట్టులో గంటన్నర పట్టింది, అంటే గంటకి 1.4 కిలోమీటర్లే. మెట్లు అంత నిటారు, స్పీడు దాదాపు సగానికి పడిపోతుంది, అయినా రెండు గంటలు మిగుల్తాయి ఎందుకంటే దూరం నాలుగో వంతు కూడా లేదు కదా.

కాకపోతే శ్రీనివాస మంగాపురం దాటి పోవాల, తిరుపతి బస్టాండు నుంచి ఆటోలో అరగంట పైనే, అలిపిరి అయితే ఊర్లోనే ఉన్నట్టు. అది కలుపుకున్నా మెట్టు దారే బిన్నా. పెద్దవాళ్ళుంటే మాత్రం నేను అలిపిరే చెప్తా, మధ్యలో చదునుంది, కాళ్ళకి ఊపిరాడుతుంది.