భూఅయస్కాంత తుఫాను రోజు పొలం హద్దు కొలతకు ఏది మేలు? సొంత బేసా, కార్సా, టోటల్ స్టేషనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం వైపు పట్టాల్లో డిసిమిల్ అంటారు, ఆంధ్రాలో సెంటు అంటారు. రెండూ ఎకరంలో నూరోవంతే. వంద మీటర్ల గట్టు 40 సెం.మీ. పక్కకు జరిగితే ఒక సెంటు పోయినట్టే. అందుకే అమీను (భూమి కొలిచేవాడు) రోవరు (ఉపగ్రహ సిగ్నలుతో చోటు చెప్పే, చేతపట్టుకు తిరిగే రిసీవరు) పట్టుకుని వచ్చిన రోజు ఆకాశం ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

సూర్యుడి నుంచి దూసుకొచ్చే కణాలు భూమి అయస్కాంత క్షేత్రాన్ని కుదిపేయడమే భూఅయస్కాంత తుఫాను. అది వచ్చినప్పుడు ధ్రువాల దగ్గర అయస్కాంత రేఖల వెంబడి కణాలు దిగి అయనోస్ఫియర్‌ను (ఎత్తున ఎలక్ట్రాన్లు నిండిన గాలి పొరను) చిందరవందర చేస్తాయి. అక్కడ ఉపగ్రహ సిగ్నలు ఫేజ్ (తరంగం దశ) వణికి, ఉపగ్రహానికీ తనకూ మధ్య ఎన్ని తరంగాలున్నాయో రిసీవరు వేసే లెక్క తప్పుతుంది. మనకు దెబ్బ వేరే దారిలో తగులుతుంది. అయస్కాంత మధ్యరేఖ తిరునల్వేలి దగ్గరగా పోతుంది. ధ్రువాల దగ్గర పుట్టిన విద్యుత్ క్షేత్రం నిమిషాల్లో అక్కడిదాకా చొచ్చుకొచ్చి, పైపొరలోని ఎలక్ట్రాన్లను ఎత్తి ఉత్తరానికి, దక్షిణానికి తోస్తుంది. మనం ఆ దారిలోనే ఉన్నాం. సిగ్నలు దారిలో ఎలక్ట్రాన్ల మొత్తం ఒక్క యూనిట్ (టీఈసీయూ) పెరిగితే ఎల్1 అనే ఉపగ్రహ సిగ్నలులో 16 సెం.మీ. దూరం తేడా వస్తుంది. మార్చి–ఏప్రిల్, సెప్టెంబర్–అక్టోబర్ నెలల్లో తుఫాను లేకపోయినా పొద్దుగూకాక అర్ధరాత్రిదాకా సిగ్నలు మినుకుమినుకుమంటుంది.

చేతి జీపీఎస్, ఫోను సంగతి పక్కన పెట్టండి. మామూలు రోజునే మూడు నుంచి ఐదు మీటర్ల తేడా చూపేవి హద్దుకు పనికిరావు.

కార్స్ అంటే శాశ్వతంగా నిలిపిన రిసీవర్ స్టేషన్ల నెట్‌వర్క్. దానితో బేసు (తెలిసిన చోట నిలిపి, రోవరుకు సవరణ పంపే రిసీవరు) మోసే పని తప్పుతుంది, ఒక్క మనిషి చాలు. కానీ స్టేషన్ల మధ్య పదుల కిలోమీటర్లుంటాయి. మధ్యలో ఆకాశం ఎలా ఉందో సర్వరు అంచనా కట్టి పంపుతుంది. తుఫానులో ఎగుడుదిగుళ్లు అంతకన్నా చిన్నచిన్నగా ఉంటే ఆ అంచనా నిలవదు. రాష్ట్ర సరిహద్దులో నెట్‌వర్క్ అంచున ఉన్నవాళ్లకు చుట్టూ స్టేషన్లుండవు, ఒకవైపే ఉంటాయి కాబట్టి ఇబ్బంది ఇంకా ఎక్కువ.

సొంత బేసుకు బలం దగ్గరతనమే. రెండు కిలోమీటర్లలోపు బేసు, రోవరు దాదాపు ఒకే ఆకాశం కిందుంటాయి, చాలా తప్పు కొట్టేసుకుపోతుంది. ఎల్1, ఎల్5 (వేరే ఫ్రీక్వెన్సీలో వచ్చే సిగ్నలు) రెండూ అందుకునే రిసీవరే వాడండి. ఎలివేషన్ మాస్క్ (ఆకాశంలో బాగా కిందున్న ఉపగ్రహాలను వదిలేసే అమరిక) 15 డిగ్రీలు పెట్టండి, బేసులో సెకనుకోసారి ముడి డేటా దాచండి. తెరమీద 'ఫ్లోట్' (తరంగాల లెక్క ఇంకా తేలలేదని) కనబడితే భయం లేదు, ఆగిపోతాం. అసలు ప్రమాదం తప్పుడు 'ఫిక్స్' (లెక్క తేలిందని చూపడం). తేడా 1 సెం.మీ. అని చూపిస్తుంది గానీ తరంగాల లెక్క ఒకటి తప్పి ఉంటుంది, ఎల్1 తరంగం పొడవే 19 సెం.మీ.

2024 మే 10న కేపీ (తుఫాను తీవ్రతను 0 నుంచి 9 వరకు చెప్పే సూచిక) 9కి చేరింది. 2003 అక్టోబరు తర్వాత జీ5 (అన్నిటికన్నా తీవ్రమైన) స్థాయి తుఫాను అదే మొదటిది. అమెరికాలో మొక్కజొన్న విత్తే ట్రాక్టర్లు ఆర్‌టీకే (బేసు సవరణతో అప్పటికప్పుడు చోటు తేల్చే పద్ధతి) దారి తప్పి ఆగిపోయాయి. కేపీ 7 దాటుతుందని ముందస్తు సూచన ఉంటే, మా ఓటు టోటల్ స్టేషనుకే. అది కాంతితో దూరం, కోణం కొలిచే పరికరం. దానికి ఆకాశంతో పని లేదు, ఒకదానికొకటి కనబడే, స్థానం తెలిసిన రెండు రాళ్లుంటే చాలు. జీడితోటల్లో చూపు ఆనదు, నాలుగైదు సార్లు స్టాండు మార్చాలి, రోజంతా పడుతుంది. అయినా తగవున్న గట్టుకు అదే మేలు.

టోటల్ స్టేషను దొరకకపోతే సొంత బేసుతో ఉదయం పూటే కొలవండి. మొదట తెలిసిన రాయి మీద నిలబెట్టి సరిచూసుకోండి. ప్రతి మూలనూ గంట తేడాతో, ఉపగ్రహాల లాక్ తెంపి మళ్లీ పట్టించి, రెండుసార్లు తీయండి. రెండింటికీ 3 సెం.మీ. మించి తేడా వస్తే రాయి పాతకుండా మేకు మాత్రం కొట్టి, కేపీ 4 కిందికి దిగాక మళ్లీ రండి.