పది రోజుల విపశ్యన కోర్సు: నెల్లూరు, ఒంగోలు నుంచి వెళ్లేవాళ్లకు

నేనెవరు, ఎందుకు పుట్టాను, ఈ దుఃఖం దేనికి అని అడుగుతూ జనం బుద్ధగయ దాకా, బర్మా దాకా వెళ్తారు. అలా తిరిగేవాళ్లలో చాలామంది ఎక్కడో ఒకచోట సత్యనారాయణ గోయెంకా గారి పది రోజుల విపశ్యన ధ్యానం కోర్సులో కూర్చుంటారు. ఆయన బర్మాలో సయాజీ ఊ బా ఖిన్ అనే గురువు దగ్గర నేర్చుకుని, 1969లో మన దేశంలో నేర్పడం మొదలుపెట్టారు. దీనికోసం మనవాళ్లు విమానం ఎక్కక్కర్లేదు. నెల్లూరు వాళ్లకు చెన్నై తిరుముడివాక్కంలోని ధమ్మసేతు కేంద్రం దగ్గరవుతుంది. ఒంగోలు వాళ్లు ఏలూరులో రైలు దిగితే విజయరాయిలో ధమ్మవిజయ ఉంది. మార్కాపురం, ఎర్రగొండపాలెం వైపు వాళ్లు మాచర్ల మీదుగా నాగార్జునసాగర్ కేంద్రానికి పోవచ్చు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరం బౌద్ధ స్తూపం ఉన్న జిల్లాకు ఈ దారి కొత్తదేమీ కాదు.

ముందే తెలియాల్సిన సంగతి: మీ ప్రశ్నలకు అక్కడ జవాబులు చెప్పరు. మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట దాకా ఆచార్యులను కలవొచ్చు గానీ, సాధన గురించే అడగాలి. దేవుడున్నాడా, పునర్జన్మ ఉందా అని మొదలుపెడితే మెల్లగా మళ్లీ శ్వాస దగ్గరికే తెస్తారు. చర్చ కోసం వెళ్లేవాళ్లకు ఇది నచ్చదు. మా దృష్టిలో కోర్సు బలం అక్కడే ఉంది.

మొదటి మూడున్నర రోజులు ఆనాపానే. ముక్కు రంధ్రాల దగ్గర, పై పెదవి మీద గాలి తగిలే చోటును గమనిస్తూ ఉండడం, అంతే. శ్వాసను మార్చకూడదు, మంత్రం కలపకూడదు. నాలుగో రోజు విపశ్యన ఇస్తారు: నడినెత్తి నుంచి కాలి వేళ్ల దాకా ఒక్కో భాగం మీదా మనసు పెట్టి, అక్కడి మంట, జలదరింపు, బరువు, ఏది ఉంటే అది చూసి ముందుకు కదలాలి. ఆ తర్వాత రోజుకు మూడుసార్లు, గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చోవాలి, దీన్నే అధిష్ఠానం అంటారు. అసలు పరీక్ష మోకాళ్లకే. పిరుదులు మోకాళ్ల కంటే ఎత్తులో ఉండేలా దిండు మీద దిండు వేసుకోవాలి. నేల మీద సమంగా కూర్చుంటే నడుము వెనక్కి వాలి, అరగంటకే వీపు పట్టేస్తుంది. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్లు మొదటి రోజే కుర్చీ అడగాలి, మొహమాటం వద్దు.

తెల్లవారుజామున నాలుగింటికి గంట కొడతారు, రాత్రి తొమ్మిదిన్నరకు దీపాలు ఆపేస్తారు. మధ్యలో పది గంటలకు పైగా కూర్చోవడమే. పదకొండింటికి భోజనం, అదీ శాకాహారం, కారం తక్కువ. చేపల పులుసు నాలుకకు రెండు రోజులు చప్పగానే ఉంటుంది. సాయంత్రం ఐదింటికి టీ, పళ్లు. రాత్రి అన్నం ఉండదు. షుగరుకు మందులు వేసుకునేవాళ్లు ఈ సంగతి డాక్టరుకు చెప్పి, మోతాదు అడిగి, దరఖాస్తులో రాసి మరీ వెళ్లాలి. మానసిక వ్యాధికి చికిత్సలో ఉన్నవాళ్లకు ఈ కోర్సు తగదు. ఆ సంగతి దాచి చేరడం ప్రమాదం.

ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ అప్పగించాలి. జపమాల, తాయెత్తు కూడా. పూజ, జపం, ఉపవాసం పది రోజులూ ఆపాలి కాబట్టి అయ్యప్ప మాలలో ఉన్నప్పుడు పెట్టుకోవద్దు. తొమ్మిది రోజులు పూర్తి మౌనం. సైగలు కూడా కూడదు. వస్తువులేమైనా కావాలంటే కేంద్రంలోని సేవకులతో మాట్లాడొచ్చు. రెండో రోజు, ఆరో రోజు మనసు గట్టిగా ఎదురు తిరుగుతుంది, సంచి సర్దుకునేది అప్పుడే. మనసు అడుగున ఉన్న పాత కోపాలు, భయాలు పైకి తేలడమే కారణం. వెళ్లిపోవాలనిపిస్తే ముందు ఆచార్యుల దగ్గరికి వెళ్లండి. సగంలో వదిలితే ఆ కలత ఇంటికి వస్తుంది.

డబ్బు అడగరు. కోర్సు పూర్తి చేసినవాళ్లు చివర్లో ఇష్టపడి ఇచ్చే దానంతోనే తర్వాతి వాళ్లకు తిండి, బస. ఈ ఒక్క పద్ధతికే పూర్తి మార్కులు వేయొచ్చు. లోపమూ ఉంది: ప్రవచనాలు, సూచనలు ఎక్కువగా గోయెంకా గారి రికార్డింగులే, పాలీ భాషలో గానం చాలాసేపు సాగుతుంది, కొందరికి విసుగు పుడుతుంది. తెలుగులో సూచనలు కావాలంటే దరఖాస్తు చేసేటప్పుడే కోర్సు భాష చూసుకోండి. సీటు వచ్చాక, తేదీ దగ్గరపడినప్పుడు వస్తున్నామని మళ్లీ తెలపమంటారు. ఆ మెయిల్ చూడకపోతే సీటు పోతుంది.

వెళ్లేది ముందురోజు మధ్యాహ్నానికి, బయటపడేది పదకొండో రోజు పొద్దున ఏడున్నరకు. మొత్తం పన్నెండు తేదీలు సెలవు పెట్టుకోవాలి. తిరుగు రైలు టికెట్ ఆ రోజు పదకొండు తర్వాతదే తీసుకోండి.