డీహెచ్‌ఎస్ సైట్‌లో ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ డేటా: అనంతపురం నుంచి నా రివ్యూ

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అదే ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్, దాని ఇంటింటి డేటాను నేను డీహెచ్‌ఎస్ ప్రోగ్రామ్ (అమెరికా ప్రభుత్వ నిధులతో మొదలై, చాలా దేశాల ఆరోగ్య సర్వేల డేటాను ఒకచోట ఉంచే కార్యక్రమం) వెబ్‌సైట్ నుంచే తీసుకుంటాను. రక్తహీనత మీద నా పీహెచ్‌డీ అంతా దానితోనే నడుస్తోంది. పైసా ఖర్చు లేదు. మీరెవరు, ఏ పనికి కావాలి అని కాస్త వివరంగా రాస్తే వాళ్లు చూసి ఓకే చేస్తారు, తర్వాత స్టాటా, ఎస్‌పీఎస్‌ఎస్ లాంటి గణాంకాల సాఫ్ట్‌వేర్లలో ఏది కావాలంటే దానికి సరిపడే ఫైలు దిగుతుంది.

చాలామంది విసుక్కునే రూలే నాకు బాగా నచ్చింది. ఫైలు ఇంకొకరికి ఇవ్వకూడదు, ఎవరికి కావాలంటే వాళ్లే అడిగి తీసుకోవాలి. ఇక్కడ స్కాలర్ల వాట్సాప్ గ్రూపుల్లో "అన్నా, ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఫైలుంటే పెట్టన్నా" అని మెసేజ్‌లు వస్తూనే ఉంటాయి, పెట్టేవాళ్లూ ఉన్నారు. దయచేసి పెట్టకండి. 2019-21 సర్వేలో 7,24,115 మంది ఆడవాళ్లు జవాబులిచ్చారు. రక్తహీనత పరీక్షకు వేలు పొడిపించుకున్నారు. కొందరైతే మొగుడు కొడతాడా అన్న ప్రశ్నకు కూడా జవాబు చెప్పారు, అదీ ఇంటికి ఒక్కరినే, పక్కన ఎవరూ వినకుండా ఉంటేనే అడుగుతారు. అలా నమ్మి చెప్పిన మాటను మనం గ్రూపులో పడేస్తే ఎట్లా? పేర్లు లేవు కదా అంటారు. పేరు లేకపోయినా వయసు, ఎస్సీనా బీసీనా, పిల్లలెందరు, ఇంట్లో ఏమేం ఉన్నాయి, అన్నీ ఉంటాయి. ఊరు కూడా తెలిస్తే మనిషిని గుర్తుపట్టడం ఎంతసేపు?

అందుకే సర్వే చేసిన చోటు లొకేషన్‌ను మ్యాపులో కావాలనే జరిపి ఇస్తారు. పట్టణాల్లో 2 కిలోమీటర్ల దాకా, పల్లెల్లో 5 దాకా, నూటికి ఒక పల్లె పాయింటును 10 దాకా జరుపుతారు. ఈ లొకేషన్లుండే జీపీఎస్ ఫైలుకు విడిగా కారణం రాసి అడగాలి. కళ్యాణదుర్గం వైపు మ్యాపులో చుక్క కనబడితే అది పక్క ఊరిది కావచ్చు. ఆ చుక్క చూసి ఊరి పేరు పెట్టి పేపర్ రాయడం తప్పు, ఆ ఊరికి అన్యాయం కూడా.

జిల్లాల సంగతీ చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో ఏపీలో జిల్లాలు విడిపోయాయి, ఈ సర్వే అంతకు ముందుది. ఇందులో అనంతపురం అంటే హిందూపురం, కదిరి, ధర్మవరం అన్నీ కలిపి, కర్నూలంటే నంద్యాల కూడా.

ఒక్క విషయంలో మార్కులు తగ్గిస్తాను. 2025లో అమెరికా ప్రభుత్వం డీహెచ్‌ఎస్‌కు నిధులు ఆపేసరికి అప్పట్లో కొత్త దరఖాస్తులు నిలిచిపోయాయి. సర్వే మన కేంద్ర ఆరోగ్య శాఖది, నడిపించింది ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్, జవాబులిచ్చింది మన ఆడవాళ్లు, మరి ఫైలు కోసం వేరే దేశం బడ్జెట్ వైపు చూస్తూ కూర్చోవాలా? ఇంతే కట్టుదిట్టంగా, ఇంతే సులువుగా మన దగ్గరే దొరకాలి.

ఐదుకు నాలుగు స్టార్లు. కొత్తగా వాడేవాళ్లు వెయిట్‌ను, అంటే లెక్కల్లో ఒక్కో జవాబుకు ఎంత ప్రాధాన్యం ఇవ్వాలో చెప్పే అంకెను, 10 లక్షలతో భాగించడం మర్చిపోకండి, గృహహింస ప్రశ్నలకు వెయిట్ వేరే ఉంటుంది, మామూలుది అక్కడ వాడకండి.