తీగ మౌసా, వైర్‌లెస్సా? మూడేళ్ళు రెండూ వాడాక

ఒకే బల్ల మీద మూడేళ్ళుగా రెండు మౌసులు నడుస్తున్నాయి. ఒకటి నాలుగు వందల లోపు దొరికే మామూలు తీగ మౌస్. రెండోది ఏడు వందల దరిదాపుల్లో వచ్చే, ఒక పెన్సిల్ సెల్లుతో నడిచే వైర్‌లెస్. పని డీటీపీ: పేజ్‌మేకర్, కోరెల్‌డ్రా, మధ్యమధ్యలో తిరుమల టికెట్ల బుకింగు. ఊరు తిరుపతి, గదికి ఏసీ లేదు. ఏసీ సంగతి ఎందుకు చెప్పానో కింద తెలుస్తుంది.

తీర్పు ముందే చెప్పేస్తాను. బల్ల కదలనిదైతే తీగ మౌసే కొనండి. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని తిరిగేవాళ్ళకే వైర్‌లెస్‌కు పెట్టే అదనపు డబ్బు గిట్టుబాటు. ఆయుష్షులో మాత్రం రెండింటికీ తేడా లేదు. తీగా, రేడియోనా అని మనం వాదించుకుంటాం గానీ, ఎక్కువ మౌసుల ప్రాణం తీసేది ఎడమ బటన్ కిందుండే గోరంత స్విచ్చి. అది రెండింటిలోనూ ఒకే రకం.

ఆ స్విచ్చిలో రాగి మిశ్రమంతో చేసిన పలచని రేకు ఉంటుంది. నొక్కితే వంగి కింది కాంటాక్టును తాకుతుంది, వదిలితే టక్కున వెనక్కి లేస్తుంది. దీని ఆయుష్షును తయారీదారులు క్లిక్కుల్లో చెబుతారు. స్విచ్చీలు చేసే ఓమ్రాన్ కంపెనీ మామూలు రకాలకు కోటి, రెండు కోట్లు. కైల్ కంపెనీ జీఎం 8.0 స్విచ్చికి ఎనిమిది కోట్లు. రోజుకు 5,000 క్లిక్కులు వేసుకున్నా కోటి పూర్తవడానికి ఐదేళ్ళు దాటాలి. అయినా చాలా మౌసులు అంతకు ముందే ఒక్క నొక్కుకు రెండు క్లిక్కులు కొట్టడం మొదలుపెడతాయి. రేకు విరిగి కాదు, కాంటాక్టు మీద సన్నని పొర పట్టి. మౌస్‌లో ఆ స్విచ్చి గుండా పోయే కరెంటు అతి స్వల్పం, ఆ పొరను కాల్చేసేంత బలం దానికి ఉండదు. దానికి తోడు రేకు పట్టు సడలితే తాకి, ఎగిరి, మళ్ళీ తాకుతుంది. కంప్యూటర్ లెక్కలో అది రెండో క్లిక్కు.

పరీక్ష సులువే. ఒక పెద్ద పేరాను ఎడమ బటన్ నొక్కిపట్టి మెల్లగా సెలెక్ట్ చేస్తూ పోండి. పదిసార్లలో ఒక్కసారైనా వేలు తియ్యకుండానే సెలెక్షన్ తెగిపోతే స్విచ్చి పోయినట్టే. ఫోల్డరు ఒక్క నొక్కుకే తెరుచుకుంటోందంటే మాత్రం తొందరపడకండి. ఫోల్డర్ ఆప్షన్స్‌లో ఎవరో సింగిల్ క్లిక్ పెట్టి ఉండొచ్చు. ప్రత్యేక ప్రవేశ దర్శనం కోటా విడుదలయ్యే పూట ఇలాంటి మౌస్‌తో కూర్చుంటే ఇక చూస్కోండి: మొదటి క్లిక్కుకు టిక్కు పడుతుంది, వెంటనే వచ్చే దొంగ క్లిక్కుకు అదే టిక్కు లేచిపోతుంది. తిట్లు మాత్రం సర్వరుకు.

ఆ పూటకు గండం గడవాలంటే విండోస్ 11 సెట్టింగ్స్‌లో బ్లూటూత్ అండ్ డివైసెస్, అందులో మౌస్ తెరిచి, ప్రైమరీ బటన్‌ను కుడికి మార్చండి. కొన్ని వారాలు నెట్టుకు రావాలంటే మౌస్ విప్పి, స్విచ్చి మీది ఎర్రటి లేదా తెల్లటి బొడిపె పక్కన ఎలక్ట్రానిక్ కాంటాక్ట్ క్లీనర్ ఒక్క చుక్క పడేలా కొట్టి, యాభై అరవై సార్లు నొక్కి, ఆరనివ్వాలి. తలుపు బందులకు కొట్టే నూనె స్ప్రే వాడకండి, జిడ్డు మిగిలి ఇంకా దుమ్ము పడుతుంది.

అసలు మరమ్మతు సోల్డరింగ్. కొత్త స్విచ్చి దొరక్కపోయినా పర్లేదు. కుడి బటన్ కిందుండేది చాలా మౌసుల్లో అదే స్విచ్చి, పైగా అది ఎడమదానిలో పదో వంతు కూడా అరగదు. రెండూ పీకి అటుదిటు, ఇటుదటు వేస్తే సరి. మరలు కిందనున్న జారుడు పట్టీల కిందో స్టిక్కరు కిందో దాక్కుని ఉంటాయి. సోల్డరింగ్ ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. బోర్డు మీది సోల్డర్‌లో సీసం ఉండదు గనుక ఓ పట్టాన కరగదు. స్విచ్చి మూడు కాళ్ళకూ ముందు సీసం కలిసిన మామూలు సోల్డర్ కాస్త తగిలిస్తే రెండూ కలిసి తేలిగ్గా కరుగుతాయి, అప్పుడు సోల్డర్ పీల్చే పంపుతో లాగేయొచ్చు. పీకే ముందు బొడిపె ఏ వైపు ఉందో ఫోటో తీసి పెట్టుకోండి. తిప్పి వేస్తే బటన్ దానికి అందదు. వారంటీ ఉన్న మౌస్‌కు మాత్రం స్క్రూడ్రైవర్ తాకించొద్దు, బిల్లు తీసుకుని షాపుకే వెళ్ళండి.

తీగ మౌస్‌కు సొంతంగా ఉన్న జబ్బు ఒక్కటే: కేబుల్ మౌస్‌లోకి దూరే చోట, మొదటి రెండు మూడు అంగుళాల్లో లోపలి దారం లాంటి తీగ తెగడం. ఉండుండి తెర మీది బాణం ఆగిపోతుంది, విండోస్ టింగుమని మోగుతూనే ఉంటుంది. ఆ భాగాన్ని వేళ్ళతో వంచి చూడండి. వంచినప్పుడు పని చేసి వదిలితే ఆగిపోతే తెగింది అక్కడే. చెడిన ముక్క కోసేసి, లోపలి కనెక్టరుకు అతికించుకోవచ్చు. మామూలు లెక్క ప్రకారం ఎరుపు ఐదు వోల్టులు, నలుపు గ్రౌండు, తెలుపు, ఆకుపచ్చ డేటా. కానీ చవక మౌసుల్లో ఈ రంగుల్ని నమ్మకూడదు. మల్టీమీటరు పెట్టి యూఎస్‌బీ ప్లగ్గు చివరి పిన్నుల నుంచి ఏ తీగ ఎక్కడికి వస్తుందో చూసుకున్నాకే అతికించండి. ఐదు వోల్టులూ గ్రౌండూ తారుమారైతే బోర్డు పోతుంది.

వైర్‌లెస్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మౌస్‌వి కావు, రిసీవర్ (మౌస్‌తో పాటు వచ్చే, యూఎస్‌బీ పోర్టులో గుచ్చే చిన్న ముక్క) పెట్టిన చోటువి. క్యాబినెట్ వెనక పోర్టులో గుచ్చితే మౌస్‌కూ దానికీ మధ్య ఇనప డబ్బా అడ్డం. పక్కన నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టులో హార్డ్ డిస్కు ఉంటే ఇంకా అన్యాయం: ఆ పోర్టు, దాని కేబులు వెదజల్లే రేడియో రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ చుట్టూ పడుతుంది, మన మౌస్ మాట్లాడేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. పెన్‌డ్రైవ్‌లోకి ఫైళ్ళు కాపీ అవుతున్నంతసేపూ బాణం నత్తలా పాకి, కాపీ అయ్యాక బాగైతే కారణం ఇదే. రిసీవర్‌ను నల్లటి 2.0 పోర్టులోకి మార్చి, ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో మౌస్‌కు జానెడు దూరంలోకి తెస్తే చాలు. నేను మౌస్ మారుద్దామనుకున్న జబ్బు ఆ కేబుల్‌తోనే పోయింది.

కాసేపు వదిలేసి వచ్చాక మౌస్ నిద్ర లేవకపోతే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి, పవర్ మేనేజ్‌మెంట్‌లో కరెంటు ఆదా కోసం డివైస్‌ను ఆపే టిక్కు తీసేయండి.

సెల్లు విషయంలో పిసినారితనం పనికిరాదు. కిరాణా కొట్లో దొరికే చవక సెల్లు జింక్ కార్బన్ రకం. దాని జింకు డొక్కే కరిగి కరెంటు ఇస్తుంది, చివరికి ఆ డొక్కకే చిల్లులు పడి కారుతుంది. ఆల్కలైన్ వేయండి, రెండు నెలలు వాడకపోతే తీసి పక్కన పెట్టండి. ఆల్కలైన్ కూడా కారదని కాదు. స్ప్రింగు మీద తెల్లటి పొడి కనిపిస్తే అది క్షారం: దూది పుల్లకు రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిచి, తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మళ్ళీ తుడవాలి. రీచార్జి సెల్లు పనికొస్తుంది గానీ దానిది 1.2 వోల్టులే గనుక బ్యాటరీ తక్కువైందన్న ఎర్ర లైటు ముందే వెలుగుతుంది.

రిసీవర్ పారేసుకుంటే మామూలు వైర్‌లెస్ మౌస్ బొమ్మతో సమానం, ఇంకో మౌస్ రిసీవర్ దానికి పనికిరాదు. లాజిటెక్ యూనిఫైయింగ్ లాంటి రకమైతే ఒక్క రిసీవర్‌కు ఆరు పరికరాలు జతవుతాయి. బ్లూటూత్ మౌస్‌కు రిసీవర్ బెడద లేదు, కానీ విండోస్ కొత్తగా వేసేటప్పుడు అది కదలదు. ఆ పనికోసమైనా ఇంట్లో ఒక తీగ మౌస్ ఉండాలి.

బాణం ఎగిరెగిరి పడుతుంటే ముందు బల్ల చూడండి. మన ఊళ్ళో చాలా షాపుల్లో బల్ల మీద అద్దం, అద్దం కింద స్వామివారి పటం. మౌస్ అడుగున ఉండే సెన్సరు సెకనుకు వెయ్యికి పైగా బొమ్మలు తీసి, వాటి తేడాను బట్టి కదలిక లెక్క కడుతుంది. నున్నటి అద్దంలో దానికి పట్టుకోను గరుకు దొరకదు. పాత తెల్ల కాగితం పరిచినా బాగైపోతుంది. కాగితం మీదా ఎగిరితే సెన్సరు గుంతలో వెంట్రుక ఉందేమో చూడండి. స్క్రోల్ కిందికి తిప్పితే పైకి దూకుతుంటే అది చక్రం తిరుగుడును లెక్కపెట్టే ఎన్‌కోడరులోని దుమ్ము, పైన చెప్పిన క్లీనరే మందు.

ఇక ఏసీ సంగతి. పక్కలకు మెత్తటి రబ్బరు పూత ఉన్న వైర్‌లెస్ రెండో వేసవికే బంకబంకగా తయారైంది. వేడికీ చెమటకూ ఆ పూత విడిపోతుంది, ఆల్కహాల్‌తో గీకి తీసేయాల్సి వచ్చింది. గట్టి ప్లాస్టిక్ తీగ మౌస్‌కు తడిగుడ్డ చాలు. డీపీఐ (మౌస్ అంగుళం కదిలితే బాణం ఎన్ని చుక్కలు జరుగుతుందన్నది) అంకెలు చూసి మోసపోకండి, ఫుల్ హెచ్‌డీ తెరకు 1,000 ధారాళం. కోరెల్‌డ్రాలో గీతలు గీసేవాళ్ళు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లోని ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ టిక్కు తీసేస్తే చెయ్యి ఎంత కదిలితే గీత అంతే వస్తుంది. షాపులో పెట్టె తెరిపించి, అరచెయ్యి పూర్తిగా ఆనుతుందో లేదో చూసి తీసుకోండి. చిట్టి ట్రావెల్ మౌస్‌తో రోజంతా పని చేస్తే సాయంత్రానికి మణికట్టు లాగేస్తుంది.