పిల్లలకు మాటలు రావాలంటే ఫోనా, చార్టా, నానమ్మా: ఏది మేలు?

మా పాప ఏడాదిన్నర వయసులో బర్రెను చూసినా, మేకను చూసినా బౌబౌ అనేది. మా ఇంట్లో అందరికీ టెన్షన్. నాలుగు కాళ్ళు ఉన్నవన్నీ ఒకటే అని తనకు తాను వేసుకున్న లెక్క అది, ఆ వయసు పిల్లల్లో మామూలే. కానీ అప్పుడే తలా ఒక సలహా ఇచ్చారు: రైమ్స్ వీడియోలు పెట్టమని కొందరు, గోడకు బొమ్మల చార్ట్ తగిలించమని ఇంకొందరు.

వీడియో సంగతి తొందరగా తేల్చేస్తాను. అమెరికాలో 2010లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడాది, ఏడాదిన్నర పిల్లలకు మాటలు నేర్పే వీడియోను నాలుగు వారాలు చూపిస్తే, చూడని పిల్లల కంటే ఎక్కువేమీ నేర్చుకోలేదు. వీడియో లేకుండా అమ్మానాన్నలు రోజువారీ పనుల్లో ఆ మాటలు చెప్పిన పిల్లలే ముందున్నారు. పాప ఎటు చూస్తుందో ఫోన్‌కు తెలియదు కదా.

చార్ట్ కొంత నయం, కానీ దాని మీద ఎక్కువగా ఉండేవి వస్తువుల పేర్లే. తెంపడం, కట్టడం, పేర్చడం ఏ చార్ట్‌లో చూపిస్తాం?

అవన్నీ మా పాపకు పోయిన బతుకమ్మకు వచ్చాయి, అప్పటికి దానికి రెండేళ్ళు. తంగేడు పువ్వు ముందే తెలుసు. పళ్ళెంలో తంగేడు, గునుగు పక్కపక్కన ఉంటే మా అత్తమ్మ "గునుగు ఇయ్యి బిడ్డా" అన్నది. ఎవరూ వేలు పెట్టి చూపించలేదు, అయినా తెలియని పువ్వునే తీసి ఇచ్చింది! తంగేడుకు పేరు ఉంది కాబట్టి ఈ కొత్త పేరు రెండోదానిదే అయి ఉంటుందని పిల్లలు పట్టేస్తారు. మర్నాటికి మర్చిపోయింది, అదీ మామూలే; ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు మళ్ళీ మళ్ళీ విన్నది కాబట్టి నిలిచింది.

నా ఓటు నానమ్మకే. కాకపోతే హనుమకొండలో ఓడ, సముద్రం ఎక్కడ చూపిస్తాం, వాటికి బొమ్మల పుస్తకం కావాలి, అదీ ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఇద్దరూ కలిసి తిప్పాలి. ఏడాదిన్నర వచ్చినా ఒక్క మాటా రాకపోతే మాత్రం వీటిలో దేనితోనూ ఆగకండి, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్ళి ముందు చెవులు పరీక్ష చేయించండి.