చేతికి చిన్నది, కంటికి పెద్దది: ఏ ఫోను మేలు?

నా కొత్త ఫోను చూడగానే మా అమ్మ "ఓలమ్మ, ఇదేటే పలకంత ఉంది!" అంది. ఐదేళ్ళు చిన్న ఫోనుకి అలవాటుపడిన నా చేతికి కూడా మొదటి వారం అలాగే అనిపించింది. నేను శ్రీకాకుళంలో ఉంటాను. నరసన్నపేట అవతల ఒక హైస్కూల్లో తెలుగు చెబుతాను. రోజూ రెండు పూటలా బస్సు ప్రయాణం. పెద్ద ఫోనుకి మారి ఏడాది అయింది. మా స్టాఫ్‌రూమ్‌లో ఇప్పుడు ఇద్దరు ముగ్గురు "నేనూ మారనా, వద్దా?" అని అడుగుతున్నారు. వాళ్ళకి ముక్కలు ముక్కలుగా చెప్పినదే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

పాతది 5.8 అంగుళాలది, బరువు 150 గ్రాములు. కొత్తది 6.5 అంగుళాలు, 208 గ్రాములు. వినడానికి తేడా అంగుళం కూడా లేదు. అయితే షాపులో చెప్పే అంగుళాలు తెరని ఒక మూల నుంచి ఎదుటి మూలకి కొలిచినవి. అరచేతికి తెలిసేది వెడల్పు. పాతదాని వెడల్పు 70 మిల్లీమీటర్లు, కొత్తదానిది 77. కష్టమంతా ఆ ఏడు మిల్లీమీటర్లలోనే ఉంది. పాతదాని మీద నా బొటనవేలు ఈ అంచు నుంచి ఆ అంచుకి హాయిగా వెళ్ళేది. కొత్తదాని మీద పట్టు సడలిస్తే తప్ప అందదు.

ఈ విషయంలో అంగుళాలని నమ్మకూడదు. 2011లో శాంసంగ్ వాళ్ళ గెలాక్సీ నోట్ వచ్చినప్పుడు 5.3 అంగుళాల తెర అంటే చాలామందికి విడ్డూరం. దాని వెడల్పు 83 మిల్లీమీటర్లు, అంటే నా 6.5 అంగుళాల ఫోనుకన్నా ఎక్కువ. అప్పట్లో తెర చుట్టూ అంచులు మందంగా ఉండేవి, తెర కూడా ఇప్పటిలా సన్నగా పొడుగ్గా ఉండేది కాదు. మరి 2025లో వచ్చిన గెలాక్సీ ఎస్25 తెర 6.2 అంగుళాలైనా వెడల్పు 70.5 మిల్లీమీటర్లే. అందుకే కొనే ముందు వెడల్పు ఎంతో కనుక్కోండి. ఆ వివరం కంపెనీ వెబ్‌సైట్లో ఉంటుంది.

ఇక బస్సు సంగతి. పొద్దున్న ఎనిమిదింటికి కాంప్లెక్స్‌లో ఎక్కితే సీటు దొరకడం అదృష్టమే. ఒక చెయ్యి రాడ్‌కి, భుజానికి బ్యాగు, ఆ బ్యాగులో క్యారేజీ, దిద్దాల్సిన నోటు పుస్తకాలు. ఫోనుకి మిగిలేది ఒక్క చెయ్యి. చిన్న ఫోనుతో ఆ ఒక్క చేత్తోనే హెడ్‌మాస్టరు గారి మెసేజ్‌కి జవాబిచ్చేదాన్ని, తర్వాత బొడ్లో దోపుకునేదాన్ని. చీర కట్టుకునేవాళ్ళకి జేబులుండవు కాబట్టి ఇది చిన్న సుఖమేమీ కాదు. పెద్ద ఫోను బొడ్లో నిలవదు, వంగితే జారుతుంది. కొన్న రెండో నెలలో నరసన్నపేటలో దిగుతుంటే బస్సు మెట్టు మీద పడి ఒక మూల తెర పగిలింది. అప్పటి నుంచి వెనక ఉంగరం ఉన్న కవరు వేసి, అందులో వేలు దూర్చి పట్టుకుంటున్నాను. ఇంకొకటి, పడుకుని చదివేటప్పుడు బరువంతా చిటికెన వేలి మీద పడుతుంది. యాభై ఎనిమిది గ్రాములే కదా అనుకున్నాను గానీ, అరగంట పట్టుకుంటే తెలిసింది.

ఒక్క చేత్తో వాడటానికి దారులు లేకపోలేదు. యూపీఐలో పిన్ కొట్టే అంకెలు తెర అడుగున ఉంటాయి, వాటికి ఇబ్బంది లేదు. ఇబ్బంది పెట్టేది ఎడమవైపు పై మూలన ఉండే వెనక్కి బాణం. కుడిచేతి బొటనవేలికి అంతకన్నా దూరం ఇంకేదీ ఉండదు. సెట్టింగ్స్‌లో జెశ్చర్ నావిగేషన్ పెట్టుకుంటే, తెర అంచు నుంచి లోపలికి ఒక్క గీత గీస్తే చాలు, ఆ బాణంతో పని ఉండదు. ఆండ్రాయిడ్ 12 నుంచి ఒంటిచేతి మోడ్ కూడా వచ్చింది, పైనున్నదంతా వేలికి అందేలా కిందికి దిగుతుంది. ఐఫోన్లో ఇలాంటిది 2014 నుంచే ఉంది. గూగుల్ వాళ్ళ టైపింగ్ యాప్ జీబోర్డ్‌లో కీబోర్డుని ఒక పక్కకి జరుపుకోవచ్చు. ఈ మూడూ నేర్చుకున్నాక నా అవస్థ సగం తగ్గింది. మిగతా సగం తగ్గలేదు.

చేతికి ఇంత ఇబ్బంది ఉన్నా మళ్ళీ చిన్నదానికి ఎందుకు పోలేదంటే, కళ్ళ కోసం. నాకు నలభై ఆరు. చత్వారం వచ్చింది. కంటిలోని కటకం వయసుతో గట్టిపడి దగ్గరి అక్షరాలు మసకేస్తాయి, మనకి తెలియకుండానే ఫోనుని దూరంగా జరుపుతాం. అలా జరిపినకొద్దీ చిన్న తెర మీద అక్షరం చీమతలకాయంత అవుతుంది. ఇంగ్లీషు అక్షరం ఆ సైజులో కూడా ఎలాగో తెలిసిపోతుంది. తెలుగు అలా కాదు. మనకి పైన గుడి, తలకట్టు, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద ఇంకో ఒత్తు. "రాష్ట్రం" అన్న మాటలో ష కింద ట ఒత్తు, దాని పక్కన ర ఒత్తు, అంతా నలక పడ్డట్టు కనిపించేది.

పిల్లలు హోమ్‌వర్క్ ఫొటో తీసి పంపుతారు. ఒకమ్మాయి "కథ" అని రాసిందో "కధ" అని రాసిందో చూడాలి. తేడా పొట్టలోని ఒక్క చుక్క. చిన్న ఫోనులో రెండు వేళ్ళతో పెద్దది చెయ్యాలి, పక్కకి జరపాలి, వరుస తప్పితే మళ్ళీ మొదటికి రావాలి. ఒకసారి సరిగ్గా రాసిన పిల్లకే తప్పని ఎర్రగీత పెట్టాను. మర్నాడు ఆ పిల్ల నోటు పుస్తకం తెచ్చి చూపిస్తే బాధేసింది. ఇప్పుడు ఫోను అడ్డంగా తిప్పితే చాలు, చుక్క చుక్కలాగే కనిపిస్తుంది.

చిన్న ఫోనులోనే అక్షరం సైజు పెంచుకోవచ్చుగా అంటారు. పెంచి చూశాను. "ప్రధానోపాధ్యాయురాలు" అన్న మాటొక్కటే వరుసంతా తినేసేది. నాలుగు వరుసల సర్క్యులర్‌కి మూడుసార్లు తెర జరపాల్సి వచ్చేది. తెలుగు మాటలు పొడుగు, వాటికి వెడల్పు కావాలి. టైపింగ్ కూడా అంతే. రెండు బొటనవేళ్ళతో తెలుగు కొట్టడం నాకు పెద్ద ఫోను మీదే వచ్చింది. అయితే ఒక మాట, పెద్ద తెర కళ్ళద్దాలకి బదులు కాదు. ముందు కళ్ళు చూపించుకోండి, అద్దాలు పెట్టుకున్నాక తెర సంగతి తేల్చుకోండి. నేను తిరగేసి చేశాను, ఆర్నెల్లు తలనొప్పి పడ్డాను.

మన జిల్లా వాళ్ళు బ్యాటరీ గురించి ఇంకోలా ఆలోచించాలి. మా పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి వైపు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి, మా ఊళ్ళో వారం దాటినా కరెంటు లేదు. అన్నయ్య ఇంటింటి ఫోన్లూ సంచిలో వేసుకుని సోంపేట వెళ్ళి, జనరేటరు ఉన్నచోట ఛార్జింగ్ పెట్టించి తెచ్చేవాడు. అమ్మ గొంతు వినడానికి నాకు మూడు రోజులు పట్టింది. నా పాత ఫోను బ్యాటరీ 3100 ఎంఏహెచ్ (ఎంత ఛార్జ్ పడుతుందో చెప్పే కొలత), కొత్తదానిది 6000. నెట్ ఆపి, మాట్లాడటానికే వాడితే కొత్తది రెండు రోజులు దాటి నిలుస్తోంది. పెద్ద ఫోనులో బ్యాటరీకి చోటు ఎక్కువ, అదే కారణం. కాకపోతే పల్చగా చేసిన పెద్ద ఫోన్లలో బ్యాటరీ అంత ఉండకపోవచ్చు, అంకె చూసి కొనండి. కార్తీకం దాకా తుపాన్ల భయం ఉండే ఊళ్ళో పెద్దవాళ్ళకి కొనేవారెవరైనా నన్నడిగితే, తడుముకోకుండా పెద్దదే అంటాను. అమ్మ తన ఫోను ఒళ్ళో పెట్టుకునో బల్ల మీద పెట్టుకునో చూస్తుంది. బరువూ వెడల్పూ ఆవిడకి లెక్కే కాదు.

నిజంగా చిన్న ఫోనే కావాలంటే ఇప్పుడు దొరకడం కష్టం. 5.4 అంగుళాల ఐఫోన్ 13 మినీని 2023లో ఆపేశారు. నేటి "చిన్న" ఫోను అంటే 6.1, 6.2 అంగుళాలది, వెడల్పు 70 నుంచి 72 మిల్లీమీటర్లు. చేతి పని ఎక్కువ, చదివేది తక్కువ అయినవాళ్ళకి ఇదే మేలు. చిక్కల్లా ధర. ఆ కొలతలో చౌక ఫోన్లు అరుదు. చిన్న ఫోను ఉంచుకుని ఇంట్లో టాబ్ కొనుక్కునే దారీ ఉంది, కానీ నాకు చదివే పని బస్సులోనూ బడిలోనూ పడుతుంది కాబట్టి కుదరలేదు.

మా అమ్మాయి విజయనగరంలో ఇంజినీరింగ్ చదువుతోంది. దానికి నా ఫోను తెర మీద మోజు. చెయ్యి నాకన్నా చిన్నది, రోజూ మయూరి జంక్షన్ నుంచి ఆటోలో కాలేజీకి పోతుంది. పాత అట్టపెట్టె తీసి 162 కి 77 మిల్లీమీటర్ల ముక్క ఒకటి, 147 కి 70.5 ది ఒకటి కోసి ఇచ్చాను. బరువు తెలియడానికి రెండింటికీ వెనక నాణేలు అంటించాం. మూడు రోజులు జీన్స్ జేబులో పెట్టుకు తిరుగు, ఆటోలో ఒక్క చేత్తో పట్టుకుని బొటనవేలు ఎక్కడిదాకా పోతుందో చూసుకో అన్నాను. నాలుగో రోజు ఫోన్ చేసి "అమ్మా, పెద్ద అట్ట కూర్చున్న ప్రతిసారీ జేబులోంచి పైకి తన్నుకొస్తోంది. చిన్నదే తీసుకుంటాను, పాఠాలకి హాస్టల్లో ల్యాప్‌టాప్ ఉందిగా" అంది.